హైబ్రిడ్ కారు కొనాలా వద్దా: షోరూమ్‌కి వెళ్లే ముందు మీ రోడ్డు లెక్క వేసుకోండి

పోయిన సంక్రాంతికి నరసన్నపేట నుంచి మా బావ వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని అసలు సంగతి బయటపెట్టాడు. "ఏటి బావా, అందరూ హైబ్రిడ్డే బాగుంతాది అంతన్నారు. నువ్వు నడుపుతున్నావు గదా, తీసీమంతావా?"

రెండేళ్లుగా విజయనగరంలో హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజిన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు, నడుపుతున్నవాణ్ని. నాకు ఆ కారంటే ఇష్టం కూడా. కళ్లు మూసుకుని "తీసీ" అనేయొచ్చు. కానీ అనలేదు. నా కారు తిరిగే రోడ్డు వేరు, ఆయన తిరిగే రోడ్డు వేరు. ఆ సాయంత్రం ఒక శుభలేఖ వెనక ఇద్దరం కలిసి లెక్క వేశాం. అదే లెక్కని వరసగా ఇక్కడ రాస్తున్నాను. మీరూ ఒక కాగితం దగ్గర పెట్టుకోండి.

మొదటి పని: నెల రోజులు మీ కిలోమీటర్లు రాయండి

కొత్త కారు మాట తర్వాత. ఇప్పుడు మీరు నడిపే బండి ఏదైనా సరే, ఒక నెలపాటు ప్రతి రాత్రీ ఆ రోజు తిరిగిన కిలోమీటర్లు రాయండి. మూడు గడులు గీసుకోండి.

మొదటి గడిలో ఊళ్లో ఆగి ఆగి నడిపినవి. శ్రీకాకుళం వాళ్లకైతే ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్, జీటీ రోడ్డు. మాకైతే గంటస్తంభం, మూడు లాంతర్లు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటోల మధ్య ఇరుక్కున్నవి. విశాఖ వెళ్తే మధురవాడ నుంచి మద్దిలపాలెం దాకా ఉన్నదంతా ఈ గడిలోనే వేయండి. ఆనందపురం వరకు ఉన్నది మాత్రం హైవే గడిలోకి పోతుంది. రెండో గడి ఆ హైవేకే: 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒకే వేగంతో సాగిపోయినవి. మూడో గడిలో ఘాట్లు, పల్లె రోడ్లు: ఎస్.కోట మీదుగా అరకు, సాలూరు దాటాక కోరాపుట్ వైపు, సీతంపేట కొండలు.

చాలామంది ఈ పని చెయ్యరు. "నెలకో వెయ్యి తిరుగుతాం లెండి" అని నోటిలెక్క చెప్పేస్తారు. రాయడం మొదలుపెడితే తెలుస్తుంది, ఆ వెయ్యిలో సగం అత్తారింటికీ పెళ్లిళ్లకీ హైవే మీద పోయినవేనని. బంకు రసీదులు దాచుకుందామని మాత్రం అనుకోవద్దు. ఆ కాగితం మీది అచ్చు కొన్ని నెలలకే తెల్లగా చెరిగిపోతుంది. అంకె పుస్తకంలో రాసుకోవాల్సిందే.

నాది నెలకు 1,400 కిలోమీటర్లు తేలింది. నెల్లిమర్ల ఉద్యోగం, ఊళ్లో పనులు, వారానికోసారి విశాఖ. సగానికి పైగా మొదటి గడిలోనే పడ్డాయి. బావది 1,100. అందులో 900 హైవే. ఆయన పనంతా శ్రీకాకుళానికీ పలాసకీ మధ్యనే.

రెండో పని: అది నిజంగా హైబ్రిడ్డో కాదో తేల్చుకోండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఒక షోరూమ్‌లో మా బావకి చూపించిన కారు వెనక హైబ్రిడ్ అన్న మాట ఉంది. ధర కూడా తక్కువగానే ఉంది. ఆయన సంబరపడిపోయాడు. నేనా కుర్రాణ్ని ఒకే ప్రశ్న అడిగాను. "బాబూ, ఇంజిన్ ఆగిపోయి ఉండగా ఉత్త మోటారు మీద ఈ కారు కదుల్తుందా?" తల అడ్డంగా ఊపాడు.

మీరూ ఆ ఒక్క ప్రశ్న అడగండి చాలు. కదలదు అంటే అది మైల్డ్ హైబ్రిడ్. చిన్న మోటారు ఇంజిన్‌కి కాస్త చెయ్యి అందిస్తుంది, సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ని ఆపి మళ్లీ లేపుతుంది, అంతే. అది చెడ్డదని అనను, కానీ దాన్ని మామూలు పెట్రోల్ కారుగానే లెక్కలో వేసుకోండి. కదుల్తుంది అంటే స్ట్రాంగ్ హైబ్రిడ్. మారుతి గ్రాండ్ విటారాలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. కంపెనీ చెప్పే మైలేజీ మాత్రం లీటరుకి స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 27.97 కిలోమీటర్లు, మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కి 21.11. టయోటా హైరైడర్‌ది కూడా ఇదే కథ. టయోటా ఇన్నోవా హైక్రాస్, మారుతి ఇన్విక్టో, హోండా సిటీ ఇ:హెచ్ఈవీ కూడా స్ట్రాంగ్ హైబ్రిడ్లే. హైక్రాస్ మాత్రం ఉత్త పెట్రోల్‌లోనూ వస్తుంది కాబట్టి ఏ రకమో అడిగి తెలుసుకోండి.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క తెలిస్తే మిగతా లెక్కంతా సులువవుతుంది. మామూలు కారుకి బ్రేకు వేసినప్పుడు ఆ వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కగానే చక్రాలు మోటారుని తిప్పుతాయి, ఆ మోటారు కరెంటు తయారుచేసి బ్యాటరీలో వేస్తుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటే కారుని తోస్తుంది. అంటే మీరు ఎంత ఆగితే, ఎంత మెల్లగా కదిలితే అంత లాభం. హైవే మీద బ్రేకే వెయ్యకుండా వంద వేగంతో పోతుంటే తిరిగి దాచుకోవడానికి ఏముంటుంది? ఇంజినే లాగాలి. పైగా బ్యాటరీ, మోటార్ల బరువు అదనం.

ప్లగ్గు పెట్టి చార్జింగ్ చెయ్యాలా అని మా పక్కింటావిడ అడుగుతూ ఉంటారు. అక్కర్లేదు. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లలో బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లే. అంటే ఇంట్లో ఒక యూనిట్ కరెంటు కూడా అందులో పట్టదు. ఈ సైజు ఎలక్ట్రిక్ కార్లలో అది నలభై, యాభై యూనిట్లు ఉంటుంది. హైబ్రిడ్ పెట్రోలుతో నడిచే కారే, బ్యాటరీ దానికి చిన్న చిల్లర డబ్బీ లాంటిది.

మూడో పని: రెండు కొటేషన్లు, రెండూ ఆన్‌రోడ్ ధరలే

ఒకే కారుకి హైబ్రిడ్ ఒకటి, హైబ్రిడ్ కానిది ఒకటి, సౌకర్యాలు వీలైనంత దగ్గరగా ఉండేలా చూసి రెండు కొటేషన్లు రాయించుకోండి. ఎక్స్‌షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) తేడా చూపించి "ఇంతే సార్" అంటే ఒప్పుకోవద్దు. లైఫ్ ట్యాక్స్ కారు ధర మీద శాతం, ఇన్సూరెన్స్ కూడా ధరతోపాటే పెరుగుతుంది. ఎక్స్‌షోరూమ్‌లో కనిపించిన తేడా రోడ్డు మీదకొచ్చేసరికి ఇంకా పెద్దదవుతుంది.

పాత లెక్కలు చూసి పన్నులో ఏదో కలిసొస్తుందని అనుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్ కారుకీ హైబ్రిడ్‌కీ ఒకటే 40 శాతం. ఎలక్ట్రిక్‌కి 5 శాతం.

ఒక ముఖ్యమైన మాట. స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ ఆటోమేటిక్కే. అందుకని మీరు ఎలాగూ ఆటోమేటిక్ కొనాలనుకుంటుంటే హైబ్రిడ్‌ని పెట్రోల్ ఆటోమేటిక్‌తో పోల్చాలి. గేర్లు వేసుకోవడం మీకు కష్టం కాదంటే మాన్యువల్‌తో పోల్చాలి. ఈ ఒక్కచోట జవాబు తలకిందులైపోతుంది, చూడండి.

నాలుగో పని: లెక్క

పెట్రోలు ధరలో మన రాష్ట్రం దేశంలోనే పైవరసలో ఉంటుంది. సులువుగా ఉండటానికి లీటరు 110 అనుకుందాం. మైలేజీకి కంపెనీ అంకె వెయ్యొద్దు, రోడ్డు మీద వచ్చేది వెయ్యండి. నా కారు విజయనగరంలో 24 దాకా ఇస్తుంది, హైవే మీద 80 వేగంతో 23, వంద దాటితే 19కి పడిపోతుంది. అన్నీ కలిపి 22.

మా బావ లెక్క ముందు. ఆయనకి మాన్యువల్ చాలు. ఆన్‌రోడ్ తేడా రెండున్నర లక్షలు అనుకున్నాం. ఆయన హైవే వేగంలో పెట్రోల్ మాన్యువల్ 18, హైబ్రిడ్ 21 ఇస్తాయని వేశాం. కిలోమీటరుకి ఒకదానికి 6 రూపాయల 11 పైసలు, ఇంకోదానికి 5 రూపాయల 24 పైసలు. మిగిలేది 87 పైసలు. రెండున్నర లక్షల్ని 87 పైసలతో భాగిస్తే 2,86,000 కిలోమీటర్ల పైమాటే. నెలకి 1,100 తిరిగే మనిషికి అది ఇరవై ఏళ్లు దాటుతుంది. బావ శుభలేఖని తిప్పి తిప్పి చూశాడు. "అంతనేక నాను బతికుండాలి గదేటి?" అన్నాడు.

ఇప్పుడు నాది. నా మోకాలు క్లచ్ తొక్కనివ్వదు, ఇంట్లో మా ఆవిడ కూడా నడుపుతుంది, కాబట్టి ఆటోమేటిక్ తప్పదు. అప్పుడు తేడా లక్షన్నర. పెట్రోల్ ఆటోమేటిక్ నా తిరుగుడు మొత్తం మీద 14 ఇస్తే కిలోమీటరుకి 7 రూపాయల 86 పైసలు, హైబ్రిడ్ 22 ఇస్తే 5 రూపాయలు. మిగిలేది 2 రూపాయల 86 పైసలు. 52,400 కిలోమీటర్లకి డబ్బు తిరిగొచ్చేస్తుంది. నాకు మూడేళ్ల పైచిలుకు. ఆ తర్వాత తిరిగేదంతా మిగులే.

ఒకే కారు, ఒకే పెట్రోలు ధర, పక్కపక్క జిల్లాలు. ఒకరికి ఇరవై ఏళ్లు, ఒకరికి మూడేళ్లు.

అప్పు మీద కొంటుంటే వడ్డీ కూడా కలపండి. అదనంగా పెట్టే రెండున్నర లక్షలకి 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువైతే ఆ ముక్క మీదే వడ్డీ దాదాపు 61,000 పడుతుంది. బ్యాంకు వాళ్లు నెల వాయిదా చెప్తారే గాని ఈ అంకె విడిగా చెప్పరు.

మీది ఎక్కువగా హైవే పరుగు అయితే డీజిల్ ఆటోమేటిక్‌ని కూడా ఒకసారి చూడండి. సొంతిల్లు, కారు పెట్టుకునే చోటు, రోజుకి వంద కిలోమీటర్లలోపు తిరుగుడు ఉంటే ఎలక్ట్రిక్ కారుని తప్పకుండా పక్కన పెట్టి పోల్చండి. ఇంటి కరెంటుతో యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తాయి. కిలోమీటరు రూపాయిన్నరలో పోతుంది. ఖర్చులో హైబ్రిడ్ దాని దరిదాపుకి రాదు.

మరి నేనెందుకు ఎలక్ట్రిక్ కొనలేదు? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతోపాటు స్తంభాలూ నేలకొరిగాయి. మా అత్తవారి ఊళ్లో జనరేటర్ పెట్టుకుని ఫోన్లు చార్జింగ్ చేసుకున్నారు. ఇంట్లో ఒకే ఒక్క కారు ఉంటే, అలాంటి రాత్రి పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, టాంకులో పెట్రోలు ఉండటం నాకు ధైర్యం. ఇది నా భయం, నా తీర్పు. ఇంట్లో రెండో బండి ఉన్నవాళ్లకి ఈ భయం అక్కర్లేదు.

అయిదో పని: టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీదే

షోరూమ్ చుట్టూ ఒక రౌండు తిప్పి దించేస్తే టెస్ట్ డ్రైవ్ అయిపోయినట్టు కాదు. మీ ఇంటి దగ్గరికే తెప్పించుకోండి. సాయంత్రం ఆరింటికి, రద్దీలో.

నేను మొదటిసారి గంటస్తంభం దగ్గర నడిపాను. ముందు ఒక తోపుడు బండి, పక్కన ఆటో. కాలు బ్రేకు మీంచి తీశాను. కారు ముందుకి జరిగింది, చప్పుడు మాత్రం లేదు. మీటరులో చిన్న ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి, ఇంజిన్ ఆగి ఉందని. తోపుడు బండి ఆయన వెనక కారు ఉందనే ఎరగడు, అరటిపళ్లు సర్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు. చిన్నగా హారన్ కొట్టాల్సి వచ్చింది. ఆ నిశ్శబ్దానికి మనం అలవాటు పడాలి, రోడ్డు మీది మనిషి కూడా అలవాటు పడాలి. సందుల్లో, పిల్లలు ఆడుకునే చోట మరీ జాగ్రత్త.

తర్వాత ఇవి చూడండి. ఏసీ పూర్తిగా పెట్టి అయిదు నిమిషాలు కదలకుండా నిలబెట్టండి. ఇంజిన్ ఆగినా చల్లదనం తగ్గదు, ఏసీ బ్యాటరీ మీదే నడుస్తుంది. బ్యాటరీ కాస్త తగ్గగానే ఇంజిన్ తనంతట తనే లేస్తుంది. మే నెలలో అలా ఎన్నిసార్లు లేస్తే అంత పెట్రోలు. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లలో మూడు సిలిండర్ల ఇంజిన్, అరుపు వినిపిస్తుంది, వేగం మాత్రం నిదానంగా వస్తుంది. కొందరికి అది నచ్చదు. లారీల్ని గబగబా దాటేసే అలవాటున్న మా బావకి అసలు నచ్చలేదు.

డిక్కీ తెరిచి చూడటం మరవద్దు. హైబ్రిడ్ గ్రాండ్ విటారాలో బ్యాటరీ డిక్కీ కిందికి రావడంతో పెట్రోల్ దానికన్నా వంద లీటర్ల దాకా చోటు తగ్గుతుంది. హోండా సిటీలో 506 లీటర్లు కాస్తా 306కి పడిపోతుంది. ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, రెండు పనసకాయలు, కొబ్బరికాయల గోనె వేసుకునే ఇల్లు మాది. కొనే ముందు ఒక బస్తా పట్టుకెళ్లి పెట్టి చూశాను. షోరూమ్ వాళ్లు వింతగా చూశారు, ఫర్వాలేదు.

ఘాట్ల మీద తిరిగేవాళ్లకి ఒక మంచి సంగతి. దిగేటప్పుడు బ్యాటరీ నిండుతూ వస్తుంది, బ్రేకులు తక్కువ అరుగుతాయి. కానీ అరకు నుంచి ఎస్.కోటకి దిగేలోపు ఆ చిన్న బ్యాటరీ నిండిపోతుంది. అక్కణ్నుంచి కరెంటు పట్టడానికి చోటుండదు. అప్పుడు గేర్ లివర్‌ని బి మీదికి తెచ్చి ఇంజిన్ ఒత్తిడితో దిగాలి. టెస్ట్ డ్రైవ్ చేయించే మనిషిని అది ఎలాగో చూపించమనండి.

ఆరో పని: సర్వీసింగ్ ఎక్కడ?

హైబ్రిడ్ పని నేర్చుకున్న మెకానిక్ మీ ఊరి సర్వీస్ సెంటర్‌లోనే ఉన్నాడా, విశాఖ పంపుతారా అని సూటిగా అడగండి. ఇచ్ఛాపురం, పార్వతీపురం వాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ఒక రోజు పని చెడుతుంది. ఆయిల్ మార్పిడి, టైర్లు లాంటివి ఎవరైనా చేస్తారు. బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనిపిస్తాయి, వాటిలో పారేది ప్రాణాంతకమైన కరెంటు. మనకి ఎంత నమ్మకమైన మెకానిక్కైనా, శిక్షణ లేనివాణ్ని వాటి మీద చెయ్యి వెయ్యనివ్వకండి.

ఏడో పని: బ్యాటరీ భయం తీర్చుకోండి

"బ్యాటరీ పోతే లక్షలు" అని అందరూ బెదిరిస్తారు. టయోటా, మారుతి హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తున్నాయి. టయోటా ప్రియస్ 1997 నుంచి రోడ్డు మీద ఉంది, ఈ విద్య కొత్తదేం కాదు. అయినా మీ కొటేషన్‌తోపాటు వారంటీ షరతులు కాగితం మీద తీసుకోండి. కారు అమ్మితే అది కొన్నవాళ్లకి మారుతుందా అన్నది చదవండి.

మన చేతిలో ఉన్నది గాలి. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీకి చల్లగాలి వెళ్లే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద సీటు కవరు, దుప్పటి, బ్యాగు పడకూడదు. మన పల్లె రోడ్ల దుమ్ముకి ఆ జాలీ త్వరగా నిండుతుంది. ప్రతి సర్వీసింగ్‌లో శుభ్రం చేయించండి.

నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం పెద్ద బ్యాటరీ కాదు. హైబ్రిడ్‌లో మామూలు కార్లలాగే 12 వోల్టుల బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. కారుని నిద్ర లేపేది అదే. మా అమ్మాయి పురిటికని హైదరాబాద్ వెళ్లి నలభై రోజులు ఉండిపోయాం. తిరిగొచ్చి తాళం నొక్కితే తలుపే తీసుకోలేదు. పెద్ద బ్యాటరీలో కరెంటు ఉన్నా చిన్నది చచ్చిపోతే కారు లేవదని ఆ రోజే తెలిసింది. రిమోట్‌లో దాగి ఉన్న చిన్న ఇనప తాళంతో తలుపు తీసి, ఎదురింటివాళ్ల కారు నుంచి తీగలు కలిపి లేపాం. మన జిల్లాల్లో గల్ఫ్‌కో ఓడ మీదికో వెళ్లే మగవాళ్లు ఎందరో, కారు నెలలపాటు షెడ్డులోనే ఉంటుంది. అలాంటి ఇంట్లో వారానికోసారి ఎవరో ఒకరు కూర్చుని, బ్రేకు తొక్కి స్టార్ట్ బటన్ నొక్కి, మీటరులో రెడీ అని వచ్చాక అరగంట వదిలెయ్యాలి. అలా చేసే మనిషి లేకపోతే హైబ్రిడ్ మీకు వద్దు.

ఎనిమిదో పని: వరద నీళ్లు

నాగావళి, వంశధార పొంగినప్పుడు రోడ్డు మీద నీళ్లు ఎంత లోతున్నాయో కంటికి ఆనవు. ప్రమాదం అనిపిస్తే హైబ్రిడ్ బ్యాటరీ కరెంటుని తనే తెంచుకుంటుంది. కానీ లోపలికి నీళ్లొచ్చిన కారుని మళ్లీ స్టార్ట్ చేసి చూడకండి, కంపెనీవాళ్లకి ఫోన్ చెయ్యండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇంజిన్ రక్షణతోపాటు హైబ్రిడ్ భాగాలకి కూడా నీటి నష్టం వర్తిస్తుందా అని అడిగి, ఆ వాక్యం పాలసీలో ఎక్కడుందో చూపించమనండి.

పాత హైబ్రిడ్ కొంటుంటే

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే కంపెనీ సర్వీస్ చరిత్ర మొత్తం ఉన్నదే చూడండి. డబ్బు మాట్లాడే ముందు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. కార్పెట్ ఎత్తి కింద బురద మరకలు, తుప్పు ఉన్నాయేమో చూడండి. తుపాను నీళ్లలో మునిగిన బండి ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

మా బావ చివరికి పెట్రోల్ మాన్యువల్ తీసుకున్నాడు, మిగిలిన డబ్బు అమ్మాయి చదువుకి ఉంచాడు. శ్రీకాకుళంలో మా మరదలు మాత్రం హైబ్రిడ్ తీసుకుంది. ఆమె రోజూ పిల్లల్ని బడిలో దించి, ఆమదాలవలస వెళ్లి, సాయంత్రం బజారు మీదుగా ఇంటికొస్తుంది. ఆమె కాగితంలో మొదటి గడే నిండిపోయింది.

మీరూ తీసుకుంటే, తాళాలు చేతికొచ్చిన రోజే బంకుకి వెళ్లి, పంపు దానంతట అదే ఆగేదాకా నింపించండి. ట్రిప్ మీటరు సున్నా చెయ్యండి. తర్వాత అదే బంకులో మళ్లీ అలాగే నింపించి, పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. మీటరు చూపించే మైలేజీ కన్నా అది కాస్త తక్కువే వస్తుంది. కిలోమీటర్లు రాసిన ఆ పుస్తకంలోనే తర్వాతి పేజీలో తేదీ వేసి ఈ అంకె రాసుకోండి.